కన్సోల్ కొత్తది, గేములు పాతవి: ఇంట్లో కూర్చుని లెక్క కట్టే పద్ధతి

దసరా దగ్గర పడుతుంటే విజయనగరంలో మా ఇంట్లో రెండు మాటలు మొదలవుతాయి. ఒకటి, సిరిమాను ఏ తేదీకి వచ్చిందని. రెండోది మా అక్క కొడుకు మాట: "మావయ్యా, ఈసారి ఆఫర్లలో పీఎస్5 తీసుకుందామా?" పీఎస్5 అంటే సోనీ ప్లేస్టేషన్ 5, టీవీకి తగిలించి గేములాడే పెట్టె, అదే కన్సోల్. వాడు ఇంటర్ రెండో ఏడాది. రెండు పండగలు ఏదో ఒకటి చెప్పి దాటవేశాం. మూడోసారి మాత్రం వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, రూళ్ల పుస్తకం తీసి లెక్క కట్టాం. ఆ లెక్క అయ్యాకే కొన్నాం. అదే వరసలో మీకు చెప్తాను, మీ ఇంటి అంకెలు వేసుకుని చూసుకోండి.

నాకు తేలింది ముందే చెప్పేస్తాను. వారానికి ఐదారు గంటలు నిజంగా ఆడే ఇంటికి కొత్త కన్సోల్ పెట్టిన డబ్బుకు తగినదే. కొత్త గేము మాత్రం విడుదల రోజు ధరకు చాలావరకు తగినది కాదు. డబ్బంతా పెట్టె దగ్గర పోతుందని మనం భయపడతాం, నిజానికి పోయేది గేముల దగ్గర.

ముందుగా, ఎవరు ఆడతారో రాసి చూడండి

రెండు వారాలు ఒక నోట్‌బుక్ పెట్టండి. ఇంట్లో ఎవరు, ఏ గేము, ఎంతసేపు, ఎవరితో ఆడారో రోజూ పడుకునే ముందు ఒక్క లైను రాస్తే చాలు. "ఎవరితో" అన్నది తప్పకుండా రాయండి, అసలు సంగతి అక్కడే బయటపడుతుంది.

మావాడి పుస్తకంలో మొదటి వారమంతా బీజీఎంఐ, ఫ్రీ ఫైర్. రెండూ ఫోన్ గేములు, కన్సోల్ మీద రావు. కాలేజీ స్నేహితులు నలుగురూ ఫోన్లలోనే ఆడుతుంటే, వీడొక్కడికీ యాభై వేల పెట్టె కొనిస్తే ఏమవుతుంది? నెల తిరక్కుండా మళ్లీ ఫోన్ పట్టుకుని వాళ్లతోనే కూర్చుంటాడు. మీ పుస్తకంలో కూడా అన్నీ ఇవే ఉంటే ఇక్కడితో ఆగిపోండి. ఆ డబ్బులో మూడో వంతుకు మంచి ఫోనే వస్తుంది.

మావాడి విషయంలో రెండో వారం కథ మారింది. కంటోన్మెంట్‌లో ఒక స్నేహితుడింట్లో పీఎస్5 ఉంది. శనివారం అక్కడికి వెళ్లి మూడు గంటలు ఫుట్‌బాల్ ఆడి వచ్చాడు, ఆదివారం మళ్లీ వెళ్లాడు. మొదటి అరగంట ఎడమ బొటనవేలితో మనిషిని నడిపిస్తూ కుడి బొటనవేలి పని మరిచిపోయేవాడినని, తర్వాత చేతికి అలవాటైపోయిందని వచ్చి చెప్పాడు. కొనే ముందు ఇలా కనీసం మూడుసార్లు ఆడనివ్వండి. స్నేహితులు లేకపోతే గంటల లెక్కన ఆడించే గేమింగ్ కేఫ్‌లో ఒక పూట కూర్చోబెట్టండి. మూడోసారి కూడా అదే ఉత్సాహం ఉంటే లెక్కలోకి దిగవచ్చు.

ఒక్క గేము కోసమే కొంటామనే వాళ్లూ ఉంటారు. ఇప్పుడు చాలామందికి ఆ గేము జీటీఏ 6. ముందు 2025 అన్నారు, తర్వాత 2026 మే 26 అన్నారు, ఆ తర్వాత 2026 నవంబర్ 19కి మార్చారు. అలాంటప్పుడు గేము వచ్చి, పదిమంది ఆడి చెప్పాకే కన్సోల్ కొనండి. ముందే కొని షోకేసులో పెట్టుకుంటే ఏడాది వారంటీ ఊరికే కరిగిపోతుంది. ఇంకో మాట: జీటీఏ 5 డబ్బా మీద 18 ఏళ్లు నిండినవాళ్లకని రాసి ఉంటుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో ఆ అంకె చూసి మరీ నిర్ణయించుకోండి.

నాలుగేళ్ల లెక్క కట్టండి

పీఎస్5 మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న వచ్చింది. డిస్క్ పెట్టుకునేది 49,990 రూపాయలు, డిస్క్ లేని డిజిటల్ ఎడిషన్ 39,990. పూర్వం కన్సోల్ పాతబడేకొద్దీ రేటు తగ్గేది, రెండేళ్లు ఆగినవాడికి లాభం ఉండేది. ఈసారి అలా జరగలేదు. 2022 చివర్లో రేటు ఐదు వేలు పెరిగింది. 2024 ఏప్రిల్‌లో వచ్చిన స్లిమ్ మోడల్ కూడా 54,990, 44,990 రేట్లకే వచ్చింది. అందుకని "ఇంకో ఏడాది ఆగితే సగానికి వస్తుంది" అనే లెక్క పెట్టుకోవద్దు. పండగ ఆఫర్లలో కొన్ని వేలు తగ్గుతుంది, అంతవరకే ఆశపడండి.

ఇప్పుడు పుస్తకంలో రాయండి. కన్సోల్ 55,000. రెండో కంట్రోలర్ ఆరు వేలు (అన్నదమ్ములుంటే ఇది తప్పదు, ఒక్కదాంతో రోజూ గొడవే). కరెంటు జాగ్రత్తలకు నాలుగు వేలు. మొత్తం 65,000. ఇంతవరకు అందరూ వేస్తారు.

తర్వాతి లైను ఎవరూ వేయరు. ఏడాదికి నాలుగు గేములనుకుంటే నాలుగేళ్లకు పదహారు. పీఎస్5 వచ్చినప్పటి నుంచి పెద్ద గేము కొత్తలో 5,000 రూపాయల దాకా ఉంటోంది. పదహారూ విడుదల రోజే కొంటే 80,000! పెట్టె కంటే గేములే ఎక్కువ. అవే గేములు ఏడాది ఆగి, డిస్కౌంట్‌లోనో సెకండ్ హ్యాండ్ డిస్క్‌గానో సగటున రెండు వేలకు కొంటే 32,000.

అంటే మొత్తం ఖర్చు ఒక దారిలో 1,45,000, ఇంకో దారిలో 97,000. వారానికి ఆరు గంటల చొప్పున నాలుగేళ్లకు 1,248 గంటలు. మొదటి దారిలో గంటకు 116 రూపాయలు, రెండో దారిలో 78. నూటయాభై టికెట్ పెట్టి రెండున్నర గంటల సినిమా చూస్తే గంటకు 60 పడుతుంది, అదీ ఒక్క మనిషికి. ఇద్దరు కలిసి ఆడే ఇంట్లో 78 కాస్తా 39 అవుతుంది. ఈ అంకె చూశాకే మా బావ మెత్తబడ్డాడు.

కానీ అదే లెక్కలో వారానికి రెండు గంటలు వేసి చూడండి. గంటలు 416కి పడిపోతాయి, గంటకు 233 రూపాయలు. ఇంటర్, ఈఏపీసెట్ (పాత ఎంసెట్) చదివే పిల్లలకు ఏడాదిలో ఎన్ని వారాలు ఖాళీ ఉంటుందో నిజాయితీగా రాసుకోండి. పరీక్షల నాలుగు నెలలు కన్సోల్ అట్టపెట్టెలోనే ఉండేటట్టయితే ఆ నెలల్ని గంటల్లోంచి తీసెయ్యాలి. మేం అలాగే తీసేశాం. వేసవిలో, సంక్రాంతికి ఎక్కువ ఆడతాడు కాబట్టి సగటు వారానికి ఐదు గంటల దగ్గర ఆగింది. సరే అనుకున్నాం.

ఈఎంఐలో తీసుకుంటే, నో కాస్ట్ అని రాసి ఉన్నా ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ పడుతుంటాయి. చివరికి మొత్తం ఎంత కడుతున్నామో అడిగి ఆ అంకెనే పుస్తకంలో వేయండి. ఆన్‌లైన్‌లో ఇతరులతో ఆడటానికి చందా కూడా ఉంది. పీఎస్5లో దాన్ని పీఎస్ ప్లస్ అంటారు. డబ్బు పెట్టి కొన్న గేములు ఆన్‌లైన్‌లో ఆడాలంటే అది కావాలి. ఫోర్ట్‌నైట్, రాకెట్ లీగ్, ఈఫుట్‌బాల్ లాంటి ఉచిత గేములకు అక్కర్లేదు. మొదటి మూడు నెలలు చందా లేకుండానే నడపండి. కన్సోల్‌తోనే వచ్చే ఆస్ట్రోస్ ప్లేరూమ్ అనే చిన్న గేము ఒక వారం చక్కగా ఆడిస్తుంది.

డిస్క్ ఉన్నదే తీసుకోండి

పదివేలు తక్కువ కదా అని డిజిటల్ ఎడిషన్ వైపు మనసు లాగుతుంది. మా ఊరి లాంటి చోట అది నష్టమని నా గట్టి అభిప్రాయం. డిస్క్ కొంటే ఆడాక అమ్మొచ్చు, స్నేహితుడికి ఇచ్చి అతని డిస్క్ తెచ్చుకోవచ్చు. డిజిటల్‌లో కొన్నది మీ అకౌంట్‌లోనే ఉండిపోతుంది, అమ్మడానికి వీల్లేదు. మావాడు మొదట కొన్న డిస్క్ 2,200. మూడు ఆదివారాల్లో పూర్తి చేసి రింగ్ రోడ్డులో ఉండే ఇంకో కుర్రాడికి 1,700కి ఇచ్చేశాడు. ఆ గేముకు నిజంగా అయిన ఖర్చు ఐదు వందలు. ఇలా ఏడాదికి నాలుగు గేములు తిప్పితే మూడేళ్ల లోపే ఆ పదివేల తేడా తీరిపోతుంది. స్లిమ్ మోడల్‌కు డిస్క్ డ్రైవ్ విడిగా కూడా అమర్చుకోవచ్చు, అయితే విడిగా కొనేటప్పుడు దొరకడం, రేటు రెండూ మన చేతిలో ఉండవు.

మైక్రోసాఫ్ట్ కన్సోల్ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ రేటు తక్కువ, కరెంటూ తక్కువ తింటుంది. దానికి డిస్క్ లేదు. నెల చందా కట్టి గేమ్ పాస్‌లో ఉన్నవి ఆడుకుంటానంటే బాగానే ఉంటుంది, కానీ చందా ఆపిన రోజు ఆ గేములూ ఆగిపోతాయి. నింటెండో కంపెనీ కన్సోల్ స్విచ్ 2 అమెరికాలో 2025 జూన్ 5న 449.99 డాలర్లకు వచ్చింది, అదే రోజు విడిగా వచ్చిన మారియో కార్ట్ వరల్డ్ గేము ఒక్కటే 79.99 డాలర్లు. అప్పుడు మన దేశంలో అధికారికంగా విడుదల చేయలేదు. ఇక్కడ దొరికేవి బయటి నుంచి తెచ్చినవి.

బయటి నుంచి తెచ్చినవాటి గురించి నాకు అనుభవం ఉంది. కొన్నేళ్ల కిందట నా కోసం విశాఖలో ఒక కొట్టులో ఇంపోర్టెడ్ కన్సోల్ కొన్నాను. మార్కెట్ రేటు మీద ఆరు వేలు తక్కువ. బిల్లు అడిగితే "ఏటి సార్, మేమున్నాం కదా" అన్నాడు. ఏడో నెలలో హెచ్‌డీఎంఐ పోర్టు (టీవీ వైరు గుచ్చే చోటు) పోయింది, టీవీలో బొమ్మ రాదు. అది వేరే దేశం కోసం తయారైన మోడల్ కాబట్టి ఇక్కడ వారంటీ వర్తించదని సర్వీస్ సెంటర్‌లో చెప్పారు. కొట్టువాడు ఫోన్ ఎత్తలేదు. రిపేరుకు, రానుపోను ఖర్చులకు కలిపి తగ్గిన ఆరు వేల కంటే ఎక్కువే పోయింది. అందుకే జీఎస్టీ బిల్లు లేకుండా, మన దేశపు వారంటీ లేకుండా ఏ కన్సోలూ ముట్టుకోవద్దని అందరికీ చెప్తుంటాను.

సెకండ్ హ్యాండ్‌లో పీఎస్4 (పీఎస్5కి ముందు వచ్చిన కన్సోల్) కొనాలనుకునేవాళ్లు అమ్మేవాళ్ల ఇంట్లోనే గంటసేపు ఆడి చూడండి. డిస్క్ పెట్టి తీయండి. కంట్రోలర్ కింద పెట్టేసి స్క్రీన్ మీద మనిషి తనంతట తాను కదులుతున్నాడేమో గమనించండి. దాన్ని డ్రిఫ్ట్ అంటారు, ఉంటే ఆ కంట్రోలర్ మార్చాల్సిందే. ఫ్యాన్ జెట్ విమానంలా మోగితే లోపల దుమ్ము పేరుకుపోయిందని అర్థం. పాత యజమాని అకౌంట్ మీ ముందే తీయించండి. పీఎస్4 డిస్కులు దాదాపు అన్నీ డిస్క్ ఉన్న పీఎస్5లో కూడా ఆడతాయి, కాబట్టి రేపు కొత్తది కొన్నా ఆ గేములు వృథా పోవు.

టీవీ, నెట్, కరెంటు

ఫుల్ హెచ్‌డీ టీవీ ఉంటే అదే చాలు. ఫోర్‌కే టీవీ కోసం ఇంకో నలభై వేలు ఇప్పుడే పెట్టకండి, ఇప్పుడున్న టీవీ పాడయ్యాక ఆలోచించవచ్చు.

నెట్ మాత్రం లెక్క చూసుకోవాలి. పెద్ద గేము 100 జీబీ దాకా ఉంటుంది. 50 ఎంబీపీఎస్ లైను మీద అది దిగడానికి నాలుగున్నర గంటలు పడుతుంది, 30 మీద ఏడు గంటలు దాటుతుంది. డిస్క్ కొన్నా అప్‌డేట్లు నెట్ నుంచే వస్తాయి. మీ ప్లాన్‌లో నెలకు ఎంత డేటా దాకా ఫుల్ స్పీడ్ ఇస్తారో అడగండి. ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిపిద్దామనుకుంటే ఆ ఆలోచన మానుకోండి.

కరెంటు దగ్గర మన జిల్లాలవాళ్లం ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు ఎన్ని రోజులు చీకట్లో ఉన్నామో మీకు గుర్తుండే ఉంటుంది. తుపాను లేకపోయినా ఈదురుగాలి వేస్తే లైను పోయి, వచ్చి, మళ్లీ పోతుంది. గేము సేవ్ అవుతున్నప్పుడో అప్‌డేట్ ఎక్కుతున్నప్పుడో టక్కున కరెంటు పోతే లోపలి డేటా చెడిపోవచ్చు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే అది సైన్ వేవ్ రకమో కాదో చూసుకోండి. పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద కన్సోల్ నడపకండి. ఇన్వర్టర్ లేకపోతే 1,000 వీఏ యూపీఎస్ ఒకటి పెట్టుకుంటే టీవీ, కన్సోల్ సరిగా ఆపుకునేంత సమయం దొరుకుతుంది.

ఇంకోటి. కన్సోల్ వెనక ఇనుప భాగం తాకినప్పుడు వేలికి జిల్లుమంటే మీ ప్లగ్గుల్లో ఎర్తింగ్ సరిగా ఉందో లేదో చూపించుకోండి. కొత్తపేటలో మా పాత ఇంట్లో అదే సమస్య. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఒక్క ప్లగ్గుకు ఎర్త్ వైరు లాగించాం, అరపూట పని. హెచ్‌డీఎంఐ పోర్టులు పోవడానికి ఇది కూడా ఒక కారణం కావచ్చు కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

పీఎస్5 పెద్ద గేము ఆడేటప్పుడు సుమారు 200 వాట్లు లాగుతుంది. రోజుకు రెండు గంటలైతే నెలకు 12 యూనిట్లు, టీవీ దానికి అదనం. బిల్లు స్లాబు అంచున ఉన్నవాళ్లు అది కూడా కలుపుకోండి. కన్సోల్‌కు నాలుగు వైపులా కనీసం 10 సెంటీమీటర్లు ఖాళీ వదిలి పెట్టండి, గాజు తలుపున్న షోకేసులో మాత్రం వద్దు. భోగాపురం, కళింగపట్నం వైపు సముద్రానికి దగ్గరగా ఉండేవాళ్లు ఆడనప్పుడు గుడ్డ కప్పి ఉంచండి. ఉప్పుగాలి పోర్టుల్ని తినేస్తుంది. ఆడేటప్పుడు గుడ్డ తీయడం మరచిపోకండి.

కొనే రోజు

షాపు రేటు, ఆన్‌లైన్ రేటు ఒకేరోజు చూడండి. తేడా వెయ్యి, పదిహేను వందలే అయితే నేను ఊళ్లో షాపునే ఎంచుకుంటాను, ఎదురుగా తెరిపించి ఆన్ చేయించి చూడొచ్చు. బిల్లు మీద సీరియల్ నంబరు, డబ్బా మీద నంబరు, కన్సోల్ మీద నంబరు మూడూ ఒకటేనా అన్నది మీ కళ్లతో సరిపోల్చుకోండి. ఆన్‌లైన్‌లో వస్తే టేపు కోసే ముందు నుంచి ఆన్ అయ్యేదాకా ఆపకుండా ఒకే వీడియో తీయండి. దగ్గరలో ఉన్న అధికారిక సర్వీస్ ఎక్కడో డబ్బు కట్టే ముందే కనుక్కోండి. విశాఖ దాకా పంపాల్సి వస్తుందంటే అట్టపెట్టె, లోపలి థర్మాకోల్ ఏడాది దాకా పారేయొద్దు.

గేముల దగ్గర ఆగండి

ఆగడంలో లాభం డబ్బు ఒక్కటే కాదు. సైబర్‌పంక్ 2077 సంగతి చూడండి. 2020 డిసెంబర్ 10న విడుదలైంది. పీఎస్4లో ఎంత అధ్వానంగా ఆడిందంటే, వారం రోజుల్లో సోనీ దాన్ని తన స్టోర్ నుంచి తీసేసి, కొన్నవాళ్లకు డబ్బు వాపసు ఇస్తామంది. తిరిగి పెట్టింది 2021 జూన్‌లో. తర్వాత అప్‌డేట్లు పడీ పడీ అది మంచి గేముగా నిలబడింది, రేటూ తగ్గింది. మొదటి రోజు కొన్నవాళ్లు పూర్తి ధర పెట్టి తప్పుల తడక ఆడారు, రెండేళ్లు ఆగినవాళ్లు తక్కువ ధరకు బాగున్న గేము ఆడారు. అందరి సంగతీ ఇలాగే ఉంటుందని కాదు. కానీ విడుదలైన మూడు నెలలకు అప్‌డేట్లతో మెరుగుపడని పెద్ద గేము ఈ మధ్య అరుదు. ఏటా వచ్చే ఫుట్‌బాల్ గేమైతే ఐదారు నెలలకే రేటు బాగా పడిపోతుంది.

స్నేహితులంతా మొదటి వారంలోనే కలిసి ఆన్‌లైన్‌లో ఆడే గేముకు మాత్రం మినహాయింపు ఇవ్వండి. ఆర్నెల్లు ఆగితే వాళ్లు ఇంకో గేముకు వెళ్లిపోతారు, ఆ సరదా తర్వాత దొరకదు. ఏడాదికి అలాంటిది ఒకటి పూర్తి రేటుకు కొనుక్కోమని మావాడికి చెప్పాం. ఏది కొనాలో వాడి ఇష్టం.

మిగతావన్నీ అదే నోట్‌బుక్‌లో చివరి పేజీలో రాసుకోమనండి. గేము పేరు, పక్కన పెన్సిల్‌తో "ఇంతకు వస్తే కొంటాను" అనే రేటు. పండగలకు, వేసవికి, ఏడాది చివర్లో ఆన్‌లైన్ స్టోర్లో తగ్గింపులు వస్తాయి. అప్పుడు ఆ పేజీ తెరిచి చూడటమే. పెన్సిల్ రేటు తగిలితే కొనాలి, లేకపోతే పుస్తకం మూసెయ్యాలి. మావాడి పేజీలో మొదట పదకొండు పేర్లుండేవి. ఇప్పటికి నాలుగు కొన్నాడు, అన్నీ రెండు వేల లోపే. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు చూస్తే ఇంకో మూడింటి మీద అడ్డగీత ఉంది. కొన్నావా అని అడిగాను. "లేదు మావయ్యా, ఇప్పుడు ఆడాలనిపించట్లేదు" అన్నాడు.